పడుగు ఆరేలోపు

ఈసారి ఆ కొసకు చేరేలోపు చెప్పేస్తాననుకున్నాను. చేరాం, చెప్పలేదు. సరే, తిరిగి వచ్చేటప్పుడు చెబుదామనుకున్నాను, తిరిగాం, ఈ కొసకూ వచ్చాం, నోట్లో నాలుక తడిగానే ఉంది, గొంతు బాగానే ఉంది, మాట మాత్రం రాలేదు. పోగులను దువ్వే పొడవాటి కుంచెకు ఒక పిడి నా చేతిలో ఉంది, రెండో పిడి నా భార్య శంకరవ్వ చేతిలో ఉంది, మా ఇద్దరి మధ్య వీధి పొడవునా కర్రల మీద బిగించి పరిచిన నిలువు పోగుల పడుగు ఉంది, గంజి పట్టించిన పడుగు. పొద్దు ఇంకా ఎదురింటి కప్పు దాటలేదు. అది దాటేసరికి పోగులు ఆరాలి, ఆరేదాకా కుంచె ఆగకూడదు, ఆగితే పోగుకు పోగు అంటుకుని పడుగంతా చాపలా బిగుసుకుపోతుంది, ఇక దాన్ని మగ్గానికి ఎక్కించలేం. అంటే ఇంకో గంట. గంట తర్వాత శంకరవ్వ చేతులు కడుక్కుంటుంది, గడప పక్కన పెట్టిన మూట ఎత్తుకుంటుంది, ఆరేళ్ళ మా బుచ్చవ్వ చెయ్యి పట్టుకుంటుంది, తొమ్మిది గంటల మెట్‌పల్లి బస్సెక్కి పుట్టింటికి పోతుంది. మళ్ళీ రాదు. రానని నిన్న కులపెద్దల ముందే చెప్పింది. ఈ గంటలో నేను ఒక్క మాట అనాలి, పోవద్దని. ఆ ఒక్క మాటను మోసుకుని ఈ వీధిలో ఎనిమిది సార్లు అటూ ఇటూ తిరిగాను.

నిన్న పొద్దుగూకే వేళ పంచాయితీ నుంచి వచ్చాక ఆమె పొయ్యి వెలిగించి పెద్ద గిన్నెలో గంజి కాచింది. పోయే మనిషి గంజి ఎందుకు కాస్తుందని మగ్గం మీద కూర్చుని ఆశ్చర్యపోయాను, అడగలేదు, మాటలు బందై అప్పటికి పద్దెనిమిది రోజులు. ఆమే గుమ్మంలో నిలబడి, నా మొహం వైపు కాకుండా నా చేతిలో అడ్డపోగు నడిపే నాడె వైపు చూసి చెప్పింది, "పొద్దుగాల పడుగు పట్టించి పోత. ఒక్కనితోని కాదు గద" అని. నిజమే, ఒక్కడితో అయ్యే పని కాదు. మా వీధిలో ఏ ఇంటి ముందు చూసినా పడుగు పట్టేది మొగుడూ పెళ్ళామే, అటొకరు ఇటొకరు, ఎదురెదురుగా, అడ్డంగా అడుగులేస్తూ. పిలిస్తే పక్కింటి కమలవ్వ వచ్చేది. అయినా తానే ఉండి పట్టిస్తానంది. చేసే పని సగంలో వదలదు, అది ఆమె గుణం, అంతే అనుకున్నాను. ఇప్పుడు తొమ్మిదోసారి తిరుగుతుంటే వేరే అనుమానం వస్తోంది. ఈ గంట ఆమె పడుగుకు ఇచ్చింది కాదేమో, నాకు ఇచ్చిందేమో. గోడలు లేని చోట, తప్పించుకునే వీలు లేకుండా, రెండు మూరల దూరంలో నన్ను తన ఎదుట నిలబెట్టుకుందేమో. ఆ ఆలోచన రాగానే పిడి చేతిలోంచి జారింది, ఆమె తలెత్తి చూసింది, నేను దగ్గాను. మాటలు బందైన రోజుల్లో నా భాష దగ్గే. ఒక్కసారి దగ్గితే తిరుగుదామని, రెండుసార్లు దగ్గితే పోగు తెగిందని. తొమ్మిదేళ్ళలో ఆమె నా దగ్గులన్నీ నేర్చుకుంది, పాపం.

పద్దెనిమిది, కాదు, ఈ రోజుతో పంతొమ్మిది. సద్దుల బతుకమ్మ నాటి నుంచి. ఆనాడు ఏమైందయ్యా అని ఎవరైనా అడిగితే ఏమీ కాలేదు, అదే నా ఏడుపు. నేత ముగించుకుని మానేరు ఒడ్డుకు వెళ్ళాను, ఆడవాళ్ళు బతుకమ్మలను నీళ్ళలో వదిలే వేళకు. దూరంగా నిలబడ్డాను. గుంపులో శంకరవ్వ నవ్వుతోంది, తల వెనక్కి వేసి, కొంగు జారినా చూసుకోకుండా, నోరంతా తెరిచి. ఆ నవ్వు నేనెరగను. తొమ్మిదేళ్ళుగా నా ఇంట్లో తిరుగుతున్న మనిషి దగ్గర అంత నవ్వు ఉందని ఆనాడే తెలిసింది. నేను లేని చోట నవ్వుతుంది. ఇంతే, ఇదే ఆమె చేసిన నేరం. ఇంటికొచ్చి రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద కంచంలో పెట్టి నా ముందుకు జరిపింది, ముఖాన ఆ నవ్వు ఇంకా పోలేదు, "తిను, ఎట్లున్నదో చెప్పు" అంది. కంచాన్ని ఒక్క వేలితో వెనక్కి జరిపాను. గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఏమైంది అంది. నేనేమన్న అన్ననా అంది. కడుపు నొస్తుందా అంది. కమలవ్వ గిట్ల ఏమన్న చెప్పిందా అంది. తన తప్పు ఎక్కడుందో ఒక్కొక్క మూలా వెతుక్కుంటూ పోయింది, లేని తప్పు ఎక్కడని దొరుకుతుంది. మూడో రోజుకు అడగడం మానేసింది. మానేసిందని నాకు ఇంకా మండింది, చూడండి నా న్యాయం.

ఇది మొదటిది కాదు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళ అన్న వస్తే నాకు పెట్టకముందే అతనికి వడ్డించిందని ఆరు రోజులు. చెల్లెలి పెళ్ళికి మెట్‌పల్లి పోయి చెప్పిన రోజుకు రాక రెండు రోజులు ఎక్కువ ఉందని నలభై ఒక్క రోజులు, అదే అన్నిటికన్నా పొడుగు. బుచ్చవ్వ పుట్టి పురిటి నుంచి వచ్చాక పిల్లనే చూస్తోంది, నన్ను చూడట్లేదని పన్నెండు రోజులు. ఎంత బాగా గుర్తున్నాయో. ఆమెకు నేను కొనిపెట్టిన చీర రంగు అడిగితే చెప్పలేను, ఆమెతో మాట్లాడని రోజులు మాత్రం వేళ్ళ మీద చెబుతాను. పదో తిరుగుడు అయింది. ఈ కొసన పోగులు అప్పుడే తేలికవుతున్నాయి, కుంచె కింద తడి చప్పుడు తగ్గుతోంది. చెప్పరా కైలాసం. నోరు తెరువు. పోవద్దు అను, అంతే, పడుగు అడ్డం ఉంది, కొట్టదు, ఏం చేస్తుంది. ఆమె కళ్ళు కుంచె మీదే ఉన్నాయి. కింది పెదవి పళ్ళ మధ్య నొక్కి పెట్టింది. తనూ ఏదో ఆపుకుంటోంది, అది ఏడుపో విసుగో నాకు తెలియదు, తొమ్మిదేళ్ళు కాపురం చేసి ఆ ముఖంలో ఉన్నదేమిటో చదవలేకపోతున్నాను. గడపలో బుచ్చవ్వ మూట పక్కన కూర్చుని ఉంది, మా వైపు చూడట్లేదు.

మా నాన్నను బాపు అనేవాణ్ణి, అమ్మను అవ్వ అని. బాపు నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. పోగు తెగితే తిట్టు, కూరలో ఉప్పు తగ్గితే కంచం వాకిట్లోకి, ఏ కారణమూ లేకపోతే అవ్వ వీపు. నేను మగ్గం గుంటలో దిగి, కాళ్ళు ముడుచుకుని, రెండు చేతులతో చెవులు మూసుకునేవాణ్ణి. పన్నెండేళ్ళప్పుడు ఆ గుంటలోనే ఒట్టు పెట్టుకున్నాను, పెద్దయ్యాక ఏమైనా సరే ఆడదాని మీద నోరు తెరవను, చెయ్యెత్తను అని. నిలబెట్టుకున్నాను. అందుకు వాడలో నాకెంత మంచిపేరో. కొట్టడు, తిట్టడు, తాగడు, తన పనేదో తాను అంటారు. నాకూ లోలోపల గొప్పగానే ఉండేది. ముందటేడు వానాకాలంలో అవ్వ మంచం పట్టింది. అప్పుడు కూడా శంకరవ్వతో నాకు మాటల్లేవు, ఎందుకో గుర్తులేదు. అవ్వ నన్ను దగ్గర కూర్చోమని, సన్నగా, ఆయాసపడుతూ అంది, "మీ బాపు కొడితే దెబ్బ ఏడ తాకిందో నాకెరుకుండె బిడ్డా, గాడ పసుపు పెట్టుకుందును. నువ్వు కొట్టేది ఏడ తాకుతుందో గా పిల్లకేమెరుక." నన్ను, నన్ను బాపుతో పోల్చింది. ఏ ఒట్టు ఆమె కోసమే పెట్టుకున్నానో దాన్ని పట్టుకుని నేను కొడుతున్నానంది. లేచి మగ్గం మీద కూర్చున్నాను. అవ్వతో నాలుగు రోజులు మాట్లాడలేదు. కొడుకా అని పిలిచింది, నాడె ఆపలేదు. ఐదో రోజు పోయి కూర్చుందామనుకున్నాను. ఐదో రోజు తెల్లారేసరికి అవ్వ లేదు.

పన్నెండో తిరుగుడు. దీన్ని ఎవరితోనూ అనలేదు. శంకరవ్వ అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తుంటే నేను పాడె కట్టే వెదురు కోసం పోయాను. వచ్చినవాళ్ళు అబ్బ, కైలాసం గుండె గట్టిది అన్నారు.

నిన్నటి పంచాయితీ అయితే తలుచుకుంటే చచ్చిపోవాలనిపిస్తుంది. కులపెద్ద లక్ష్మీరాజం గద్దె మీద కూర్చున్నాడు, పదిమందీ చుట్టూ చేరారు. శంకరవ్వ నిలబడి, నాకు ఈ కాపురం వద్దు అంది. "కొట్టిండా?" అన్నాడు లక్ష్మీరాజం. లేదంది. "తిట్టిండా?" లేదు. "తాగుతడా? ఇంకో ఆడిదాని తానికి పోతడా?" లేదు, లేదు. "మరేం జేసిండమ్మా?" అన్నాడు. శంకరవ్వ కొంగు భుజం మీదికి లాక్కుంది. "ఏం జెయ్యలే. గదే" అంది. అందరూ నవ్వారు. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి ఏడాదవుతోంది, రాజ్యాలే మారినయి గని గిసుంటి ఫిర్యాదు నేను ఎన్నడు ఇనలే అని లక్ష్మీరాజం అంటే మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. కొంచెమే, మీసాల కింద. గెలిచాననుకున్నాను. ఆమె తల పక్కకు తిప్పింది, మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనిపించింది, ఆ నవ్వు వెనక్కి తీసుకోవడానికి ఆ క్షణాన ఎంతైనా ఇచ్చేవాణ్ణి, కానీ నవ్వును వెనక్కి తీసుకోవడం ఎట్లానో నాకు ఎవరూ నేర్పలేదు. అప్పుడు శంకరవ్వ మెల్లగా, ఎవరికోసమూ కాకుండా అంది, "నేనైతే ఓర్సుకుందు. పిల్ల గూడ మాట బంద్ వెట్టింది." లక్ష్మీరాజానికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

బుచ్చవ్వకు నడకా మాటా వచ్చినప్పటి నుంచి మా ఇద్దరి మధ్య మాటలు మోసే పని దానిదే. బుచ్చీ, మీ బాపును తినమను. బాపు, అవ్వ తినమంటుంది. బుచ్చీ, మీ బాపుకు నీళ్ళు తోడినని చెప్పు. చిన్న చిన్న కాళ్ళతో వంటింటి నుంచి మగ్గం దాకా పరుగెత్తుకొచ్చేది, అదేదో ఆటనుకునేది. ఈసారి పన్నెండో రోజున శంకరవ్వ, మీ బాపును తినమను అంటే అది కదల్లేదు. ఇంకోసారి చెప్పింది. పిల్ల పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు దాని నోట్లోంచి ఒక్క మాట రాలేదు, నాతో సరే, వాళ్ళవ్వతో కూడా. కమలవ్వ వచ్చి గాలి సోకిందంది, దర్గా దగ్గర తాయెత్తు కట్టించమంది. కట్టించారు. నేను మగ్గం మీంచి చూశాను, అది ఎట్లా పడుకుందో. మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని, ఎడమ చెయ్యి చెంప కింద పెట్టుకుని, వీపు మా వైపు. అది నేను. నేను పడుకున్నట్టే, వేలు తేడా లేకుండా. తాయెత్తు ఎవరికి కట్టాలో ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు, అయినా నాడె ఆపలేదు.

రెండుసార్లు దగ్గింది. నేను కాదు, శంకరవ్వ. నా భాషలో, నాకు. పోగు తెగింది, ఆమె వైపు. కుంచెను పడుగు మీద ఆనించి వంగి అతుకుతోంది, వేళ్ళు ఉమ్మితో తడిపి రెండు కొసలూ కలిపి నులుముతోంది, తల నా ఛాతీకి జానెడు దూరంలో ఉంది, పాపిట్లో కుంకుమ చెమటకు కరిగి ఒక పక్కకు జారింది. ఈ తల రేపు ఇక్కడ ఉండదు. అట్లా అనుకోగానే గొంతు కింద, రొమ్ముకు కాస్త పైన ఒక చోట బిగిసింది. ఈ బిగువు నాకు తెలుసు. మానేరు ఒడ్డున బిగిసింది ఇదే. మెట్‌పల్లి నుంచి ఆమె రాని ఆ రెండు రోజులూ బిగిసింది ఇదే. పిల్లను ఎత్తుకుని నా వైపు చూడనప్పుడూ ఇదే, అవ్వ ఆయాసంతో మాట్లాడినప్పుడూ ఇదే. ఇది వచ్చిన ప్రతిసారీ నాకు కోపం వచ్చిందనుకుని పళ్ళు బిగించాను. కానీ దీన్ని నేను అంతకుముందే ఎరుగుదును, మగ్గం గుంటలో, చెవులు మూసుకున్నప్పుడు. అప్పుడు దీన్ని కోపమనుకోలేదు. అప్పుడు దీని పేరు భయమని నాకు బాగా తెలుసు. పెద్దయి మీసాలొచ్చాక పేరు మార్చుకున్నానంతే, మగవాడికి ఆ పేరే నప్పుతుందని. నేను ఒక్కనాడూ శంకరవ్వ మీద కోపగించుకోలేదు. తొమ్మిదేళ్ళుగా భయపడుతున్నాను, ఆమె నన్ను వదిలి పోతుందని, ఆ భయంతోనే ఆమెను బస్సు దాకా నెట్టుకొచ్చాను.

ఆమె పోగు అతికింది, నిలబడింది, కుంచె పిడి పట్టుకుంది. నేను పట్టుకోలేదు.

"పట్టు" అంది.

చేతులు వెనక్కి పెట్టుకున్నాను. వీధిలో నాలుగు ఇళ్ళ ముందు పడుగులు పరిచి ఉన్నాయి, జనం ఉన్నారు.

"ఆరుతుంది. పట్టు."

"శంకరీ," అన్నాను. పంతొమ్మిది రోజుల తర్వాత గొంతు వేరెవరిదోలా వచ్చింది. "నాకు భయమైతుంది."

ఆమె కుంచె వైపు చూసింది, నా వైపు చూసింది. "దేనికి?"

దేనికని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. "నువ్వు పోతవని. ఇప్పుడు గాదు, లగ్గమైనప్పటి సంది. నువ్వు నవ్వితే భయం, మీ అన్న అచ్చినా భయం. నువ్వేం జెయ్యలే. నీ మీద నాకెన్నడు కోపం లేదు. గది కోపమనుకున్న నేను. అవ్వతోని గూడ గట్లనే జేసిన. నాలుగొద్దులు. పిలిస్తే పోలే." ముక్కు కారుతోంది, మోచేత్తో తుడుచుకున్నాను, వీధి మధ్యలో ముప్పై ఏళ్ళ మొగాణ్ణి.

"ఓ కైలాసం, పడుగు బిగుస్తుంది సూడు," అని కమలవ్వ తన గడపలోంచి కేకేసింది. బిగుస్తోంది. పోగులు ఒకదాని మీద ఒకటి వాలుతున్నాయి, నాకు కనిపిస్తోంది. శంకరవ్వ పిడి వదిలేసింది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, ముఖంలో జాలి కూడా లేదు, చాలా అలసట ఉంది.

"తొమ్మిదేండ్లు నా తప్పేందని ఎతుక్కున్న," అంది. "పండుకున్నప్పుడు గూడ ఎతుక్కున్న. ఇప్పుడు చెప్తున్నవు." గడపలో పిల్ల వైపు చూసింది. "నాకు చెప్పినవు, ఇన్న. నేను పెద్దదాన్ని, ఎట్లనో బతుకుత. దానికి చెప్పు పో."

గడప దాకా పది అడుగులు. నేను వస్తుండటం చూసి బుచ్చవ్వ గోడ వైపు తిరిగి పడుకుంది. మోకాళ్ళు ముడుచుకుంది, చెయ్యి చెంప కింద పెట్టుకుంది. దాని వెనక నేల మీద కూర్చున్నాను. "బుచ్చీ, నేను మీ అవ్వతోని మాట్లాడకపోవుడు కోపంతోని గాదు, భయంతోని బిడ్డా" అన్నాను. వీపు కదల్లేదు. "నువ్వు గిట్ల పండుకునుడు నన్ను జూసి నేర్సుకున్నవు. నేను నేర్పింది తప్పు." కదల్లేదు. మాట గోడకు తగిలి నా మీదే పడితే ఎట్లా ఉంటుందో తొలిసారి తెలిసింది, శంకరవ్వ దీన్ని ఇన్నేళ్ళు ఎట్లా భరించిందో తెలియలేదు. "జర ఇటు తిరుగు." వీధి చివర మెట్‌పల్లి బస్సు హారన్ మోగింది. శంకరవ్వ వచ్చి మూట దగ్గర నిలబడింది, ఎత్తుకుంటుందో లేదో నేను చూడలేదు, తల తిప్పితే మాట ఆగిపోతుంది, ఆగితే ఇక రాదు. పిల్ల వినట్లేదని కమలవ్వ ఎవరితోనో అంటోంది. ఆమెకేం తెలుసు. గోడ వైపు తిరిగి పడుకోవడం గురించి నాకు తెలిసినంతగా ఈ వాడలో ఎవరికీ తెలియదు. ఆ తిరిగినవాడు ఒక్క మాట కూడా పోనివ్వడు. అన్నీ వింటాడు, ఇంకొక్కసారి అడిగితే తిరుగుతానని లోపల ఏడుస్తూ పడుకుని ఉంటాడు, అవతలి మనిషి సరిగ్గా ఆ ఒక్కసారికి ముందే అలిసిపోయి లేచి వెళ్ళిపోతుంది. హారన్ మళ్ళీ మోగింది. వీపు చిన్నగా పైకీ కిందికీ ఆడుతోంది. బుచ్చీ అని ఇంకొక్కసారి పిలిచాను.